ఎదుటోడి కళ్లల్లో కొట్టని లైటు

థార్ కొన్నోళ్లకి మొదటి నెలలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఒక రాత్రి నంద్యాల నుంచి గిద్దలూరు రోడ్డెక్కుతారు. గాజులపల్లె దాటి నల్లమల మొదలయ్యేసరికి వీధి దీపం ఒక్కటీ ఉండదు. రెండు పక్కలా చెట్లు, ముందు మలుపు. "ఏందబ్బా ఈ లైట్లు, కొవ్వొత్తులు పెట్టినట్టున్నాయి" అని అప్పుడనిపిస్తుంది. ఇంటికొచ్చి పడుకునే ముందు ఫోన్ తీసి హెడ్‌లైట్ అప్‌గ్రేడ్ అని టైప్ చేస్తారు. అంతే, ఆ తర్వాత నెల రోజులు ఫోన్ ఇంకేమీ చూపించదు. ఇరవై వేల ల్యూమెన్లు, ముప్పై వేల ల్యూమెన్లు, పగలు చేసేస్తుంది బ్రో!

నాది పాత మోడల్ థార్, 2016 బండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. గుండ్రటి లైట్లు, లోపల హెచ్‌4 హాలోజన్ బల్బులు. ఫ్రెండ్స్ నలుగురం నెలకోసారి టెంటు, గ్యాస్ స్టవ్వు, నీళ్ల క్యాన్లు వేసుకుని ఎటో ఒకవైపు పోతుంటాం. దీన్ని ఇన్‌స్టాలో ఓవర్‌ల్యాండింగ్ అంటారు. అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికి రాళ్ల దారిలో భక్తుల్ని కుక్కుకుని తీసుకుపోయే జీపు డ్రైవర్లు ఏళ్ల తరబడి చేస్తున్నదీ ఇంచుమించు ఇదే. కాకపోతే వాళ్ల బండ్ల మీద ఆ స్టిక్కర్ ఉండదు.

నేనూ లైట్లు మార్చాలనే అనుకున్నా. కానీ అప్పటికే మా ఇంట్లో లైట్ల కథ ఒకటి జరిగి ఉంది.

మా చిన్నాయనది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. కేసీ కాలువ కింద వరి పెడతాడు. నీళ్ల వంతు రాత్రి వస్తే రాత్రే పోవాల. టీవీఎస్ ఎక్సెల్ మీద పార పెట్టుకుని పోతాడు. రెండేళ్ల కిందట అట్లా పోతుంటే ఎదురుగా ఒక బండి వచ్చింది. "తెల్లగా, నీలంగా, వెల్డింగ్ చూసినట్టయింది రా. ఇంక రోడ్డు యాడుందో కనపడ్లా" అన్నాడు తర్వాత, ఆస్పత్రి మంచం మీద. ఆపుదామనుకునే లోపలే ఎక్సెల్ రోడ్డు దిగి గట్టు కిందికి జారింది. భుజం ఎముక విరిగింది. ఆ సంవత్సరం వరి కోత మా నాయన, నేను చూసుకున్నాం. ఎదురొచ్చిన బండి ఆగలేదు. ఆగలేదని నాకు కోపం కూడా లేదు. ఎందుకంటే ఆ నడిపే మనిషికి ఏం జరిగిందో తెలిసే ఉండదు. అతనికి మాత్రం ఆ రాత్రి రోడ్డంతా పట్టపగల్లా కనిపించి ఉంటుంది.

చిన్నాయనకి అప్పుడు 58. భుజం చూపించుకోడానికి పోతే కళ్లు కూడా చూశారు, శుక్లాలు మొదలయ్యాయని చెప్పారు. శుక్లం ఉన్న కంట్లోకి వెలుగు నేరుగా పోదు, చెదిరిపోతుంది. మురికి అద్దం మీద ఎదురెండ పడితే ఎట్లుంటుందో అట్లా. వయసు మీదపడేకొద్దీ, లైటు కొట్టాక కన్ను తేరుకోడానికి పట్టే టైము కూడా పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్సెల్ సెకనుకు 11 మీటర్లు కదుల్తుంది. మూడు సెకన్లు ఏమీ కనపడకపోతే 33 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. మా పల్లె రోడ్లలో 33 మీటర్లంటే ఒక కల్వర్టు, ఒక మలుపు, లైటు లేని ఒక ట్రాక్టర్ ట్రాలీ.

అందుకే ఫోన్ ఎన్ని లైట్లు చూపించినా నా మనసులో లెక్క వేరే ఉండేది. ఘాట్‌లో నా దారి నాకు కనపడాలి. చిన్నాయన ఎదురొస్తే ఆయన కళ్లల్లో కొట్టకూడదు. ఈ రెండూ ఒకే బండికి కుదురుతాయా?

నంద్యాలలో నేను పోయే ఆటో ఎలక్ట్రీషియన్‌కి అరవై దాటుంటాయి. లారీల వైరింగ్‌తో మొదలుపెట్టిన మనిషి. ఎల్‌ఈడీ బల్బులు వేయించుకుందామనుకుంటున్నా అనగానే ఆయన వద్దనలేదు, వేస్తాననీ అనలేదు. నా బండి బల్బు ఊడదీసి చేతిలో పెట్టాడు. "లోపల చూడప్పా, చిన్న గిన్నె కనపడ్తాందా?"

నిజంగానే ఉంది. హెచ్‌4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైటుకి. డిమ్ము ఫిలమెంటు కింద గోరంత రేకు గిన్నె ఉంటుంది. ఆ ఫిలమెంటు వెలుగు కిందికి పోకుండా అది అడ్డుకుంటుంది. అందువల్ల వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికి మాత్రమే తగిలి, అక్కడి నుంచి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. గోడ మీద చూస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఎదుటోడి కంటిని కాపాడేది ఆ గీతే. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ ఆ ఫిలమెంటు సరిగ్గా అక్కడే ఉంటుందని నమ్మి చేసింది. దాని స్థానంలో రెండు పక్కలా చిప్పులున్న ఎల్‌ఈడీ బల్బు పెడితే, వెలుగు పుట్టే చోటు కొంచెం జరిగినా చాలు, ఆ గీత చెరిగిపోతుంది. వెలుగు పైకీ పక్కలకీ చిందుతుంది. నడిపేవాడికి చెట్ల కొమ్మలు కూడా కనిపిస్తాయి కాబట్టి "అబ్బ, ఏం లైటు!" అనుకుంటాడు. చెట్ల కొమ్మల దగ్గర మనకేం పని?

కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చే బండ్ల సంగతి వేరు. వాటికి రిఫ్లెక్టర్, లెన్సు అన్నీ ఆ చిప్పు కోసమే చేస్తారు. నేను చెప్పేది పాత ఇంట్లో కొత్త కాపురం గురించి.

ఇంకో చిక్కు కూడా ఉంది. లైటు మొత్తానికి మొత్తం మార్చేస్తామని ఏడంగుళాల గుండ్రటి ఎల్‌ఈడీలు తెప్పించుకునే వాళ్లున్నారు. వాటిలో కొన్ని కుడి పక్కన నడిచే దేశాల కోసం చేసినవి. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి మన లైటు గీత ఎడమ వైపు కొంచెం పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్లు, మైలురాళ్లు కనపడాలని అట్లా చేస్తారు. ఆ దేశాల లైటులో అది కుడి వైపు లేస్తుంది. అంటే మన రోడ్డు మీద నేరుగా ఎదురొచ్చే మనిషి ముఖానికి. పెట్టె మీద ఏం రాసున్నా, కొనేముందు గోడ మీద వేసి చూడమంటే షాపువాళ్లు చాలామంది ఒప్పుకుంటారు.

సరే, మరి నా లైట్లు ఎందుకంత మసగ్గా ఉన్నాయి? ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ తీశాడు. ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. లైటు హోల్డర్ దగ్గర 12.1. మధ్యలో 1.8 వోల్టులు ఎటు పోయాయి? సన్న వైరు, డ్యాష్‌బోర్డు దాకా పోయి స్విచ్చు గుండా తిరిగొచ్చే దారి, తుప్పు పట్టిన ఎర్తు పాయింటు, తలా కాస్త తినేశాయి. హాలోజన్ బల్బు మహా సుకుమారం. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. నా బండి లెక్క చూస్తే, రావాల్సిన వెలుగులో మూడో వంతుకు పైగా దారిలోనే ఆవిరైపోతోంది. నేను కొనకముందే డబ్బు కట్టేసిన వెలుగు అది!

దానికి మందు రిలే. స్విచ్చు నుంచి వచ్చే సన్న కరెంటు రిలేని కదిలిస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో, ఫ్యూజు గుండా, నేరుగా బల్బుకి పోతుంది. వైరింగ్ కిట్టుకి, ఎర్తులు గీకి శుభ్రం చేసినందుకు, కూలికి కలిపి నాకు రెండు వేల లోపే అయింది. బల్బులు మళ్లీ అవే, 60/55 వాట్లవి, కొత్త జత. మధ్యాహ్నం అన్నం టైముకి పనైపోయింది. మళ్లీ మీటరు పెడితే హోల్డర్ దగ్గర 13.6.

"రిలే వేశాం కదన్నా, 100/90 బల్బులు వేసేయొచ్చుగా?" అని పక్కన నిలబడ్డ ఇంకో కస్టమర్ అడిగాడు. ఎలక్ట్రీషియన్ నవ్వి, డబ్బాలోంచి ఒక హోల్డర్ తీసి చూపించాడు. గోధుమ రంగులోకి మారి, ఒక మూల కరిగిపోయి ఉంది. రెండు 60 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతాయి. వంద వాట్లవైతే దాదాపు 17. వైరు తట్టుకున్నా ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మెరుపు మాడుతుంది. మాడిన రిఫ్లెక్టర్‌లో ఎన్ని వాట్లు పోసినా చిల్లు కుండలో నీళ్లే.

వైరింగ్ కంటే నాకు ఎక్కువ పాఠం నేర్పింది మాత్రం ఆళ్లగడ్డలో మా బంధువుల గోడౌన్ గోడ. ముందు చదునైన సిమెంటు గచ్చు ఉంది. గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలబెట్టాం. టైర్లలో గాలి సరి చూసి, లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, గోడ మీద సుద్దతో గీత గీశాం. నా బండికి 95 సెంటీమీటర్లు వచ్చింది. డిమ్ము వేస్తే ఆ కోత గీత, లైటు ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కింద పడాలి, అంటే 85 దగ్గర. నా కుడి లైటు సరిగ్గా ఉంది. ఎడమది 102 దగ్గర కొడుతోంది. పాత ఓనరు ఎప్పుడో బంపర్ మార్పించినప్పుడు కదిలి ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో రెండు నిమిషాల పని. పైసా ఖర్చు లేదు.

అప్పుడు మావాడొకడు అన్నాడు, "లగేజీ వేసి చూద్దాం రా." వెనక ఇద్దరు కూర్చున్నారు, నాలుగు నీళ్ల క్యాన్లు, ఐస్ బాక్సు, టెంటు, స్టెప్నీ. గోడ మీద గీత మా కళ్ల ముందే పైకి లేచింది! పాత థార్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.4 మీటర్ల చిల్లర. బరువుకి వెనక భాగం నాలుగు సెంటీమీటర్లు కుంగితే చాలు, బండి ముక్కు ఒక డిగ్రీ లేస్తుంది. ఒక డిగ్రీ అంటే 10 మీటర్ల దూరంలో 17 సెంటీమీటర్లు. కిందికి దించిన 10 పోగా ఇంకా 7 పైకే. అదే వెలుగు 60 మీటర్ల దూరం పోయేసరికి నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎక్సెల్ మీద కూర్చున్న మా చిన్నాయన కళ్లు ఇంచుమించు అక్కడే ఉంటాయి.

అంటే క్యాంపింగ్‌కి పోయే ప్రతి బండీ, లైట్లు ఏమీ మార్చకుండానే, ఎదుటోళ్ల కళ్లల్లో కొడుతూ పోతుండొచ్చు. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు మీద లైటు కిందికి దించే చిన్న చక్రం ఉంటుంది. అదెందుకుందో తెలీకుండానే బండి అమ్మేసినవాళ్లు నాకు తెలుసు. అది లేనివాళ్లు బరువు వేశాకే గోడ ముందు నిలబెట్టుకోవాలి. లిఫ్ట్ కిట్టు వేసినా, పెద్ద టైర్లు వేసినా ఈ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇంక ఆఫ్‌రోడ్ సంగతి. మేం అడవిలోకి దిగం. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, అనుమతి లేకుండా బండి దించడం నేరం. దుప్పి ముఖాన లైటు కొడితే అది పారిపోదు, కొయ్యబారి అక్కడే నిలబడిపోతుంది. రీల్ కోసం ఆ పని చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేం తిరిగేవి పొలాల రస్తాలు, వంకలు, కుందూ పక్క నల్లరేగడి దారులు. వాన పడ్డాక ట్రాక్టర్లు తొక్కిన నల్లరేగడి ఎండితే, మోకాలి లోతు గాళ్లు పడి ఉంటాయి. అక్కడ మామూలు లైటు చాలదనే మాట నిజమే. మలుపులో పక్క గట్టు కనపడదు.

మా ఫ్రెండ్ ఒకడు టాప్ మీద ఎల్‌ఈడీ బార్ పెట్టించాడు. వేసిన మొదటి నిమిషం అందరం కేకలు పెట్టాం, నిజంగా పగలే! ఐదు నిమిషాలు పోయాక వాడే అన్నాడు, "గుంతలు అర్థం కావట్లేదు రా." నేలంతా తెల్లగా, చదునుగా, కాగితం పరిచినట్టు. ముందు బండి లేపిన దుమ్ము మీద పడి వెలుగు వెనక్కి కొడుతోంది. బానెట్ మీద పడింది ఇంకో పక్క నుంచి కళ్లల్లోకి వస్తోంది. దగ్గర నేల అంత తెల్లగా వెలిగితే కంటిపాప చిన్నదైపోయి దూరంగా ఉన్నది ఇంకా చీకటైపోతుంది.

దీని కిటుకు నాకు ఆళ్లగడ్డలోనే తెలిసింది. అక్కడ రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే షెడ్లు వరసగా ఉంటాయి. మధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు సగం చెక్కిన విగ్రహం చూస్తే రాయి చప్పగా, ఒకే మాదిరిగా ఉంటుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా తగిలేటప్పుడు చూడండి, ప్రతి ఉలి గీతా లేచి నిలబడుతుంది, నగల అంచులన్నీ బయటపడతాయి. రాయి అదే, ఎండ పడే కోణం మారింది. నేల కూడా అంతే. లైటు పైనుంచి కొడితే గుంత నీడ దాని కిందే దాక్కుంటుంది. కింద, బంపర్ ఎత్తులో నుంచి కొడితే ప్రతి గుంతకీ, ప్రతి రాయికీ పొడుగాటి నీడ పడుతుంది. గుంతని చూపించేది ఆ నీడే.

అందుకని నేను పెట్టించుకున్నవి రెండే చిన్న లైట్లు, బంపర్ మీద. వెలుగు పక్కలకి వెడల్పుగా పరుచుకునే రకం. వేరే స్విచ్చు, వేరే రిలే, వేరే ఫ్యూజు. ముఖ్యంగా, మూతలు. తారు రోడ్డెక్కే ముందు బండి ఆపి, దిగి, మూతలు వేయడం మా బ్యాచ్‌లో ఇప్పుడు రూలు. పసుపు ఫిల్టర్లు కూడా అమ్ముతారు, పొగమంచులో బాగా కనపడుతుందని. నేను చూసినంతలో రంగు కంటే లైటు కిందుండటం, పైకి చిందకపోవడమే ఎక్కువ పనిచేస్తుంది.

చట్టం ఏమంటుందని కామెంట్లలో అడిగేవాళ్ల కోసం: 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఇదే విషయం. లైటు ముందు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న మనిషి కంటికి మిరుమిట్లు కొట్టకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. ల్యూమెన్ల లెక్క అందులో లేదు, ఎదుటి మనిషి కన్ను మాత్రం ఉంది. మన లారీల వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని రాసుకుంటారే, ఆ పెయింటర్లకి ఈ రూలు ఎవరూ చదివి చెప్పి ఉండరు. నాలుగు లైన్ల రోడ్ల డివైడర్ల మీద గన్నేరు చెట్లు పెట్టేది అందానికే అనుకుంటాం గానీ, అవతలి లైటు ఇవతలికి రాకుండా ఆపేది ఆ ఆకులే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి 40వ జాతీయ రహదారి మీద పోయేటప్పుడు మనకి ఇబ్బంది తక్కువ. హైవే దిగి పల్లె రోడ్డెక్కాక డివైడరూ లేదు, గన్నేరూ లేదు. మధ్యలో ఉండేది మన చేతి కింద డిప్పర్ ఒక్కటే.

పని అంతా అయ్యాక మళ్లీ గిద్దలూరు ఘాట్‌కి పోయా. పగలు అయిందని చెప్పను, కాలేదు. కానీ తెల్ల గీత పొడుగునా కనపడింది, ఎడమ పక్క పిట్టగోడలు కనపడ్డాయి. ఒక లెక్క మాత్రం ఏ లైటూ మార్చలేదు. గంటకు 80తో పోతే సెకనుకు 22 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపు ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు. ఆ తర్వాత ఆగడానికి ఇంకో 35 దాకా. మొత్తం 70 మీటర్లకు దగ్గర. డిమ్ములో అంత దూరం నిఖార్సుగా కనపడదు. కాబట్టి ఘాట్‌లో ఎదురుగా బండి వచ్చి డిమ్ము వేసినప్పుడల్లా నేను స్పీడు 50కి దించుతా. వెనకోడు హారన్ కొడతాడు, కొట్టుకోనీ.

ఇంకొకటి, వరి పొలాల పక్కన రాత్రి పది కిలోమీటర్లు పోతే లైటు అద్దం మీద పురుగులు పేస్టులాగా అంటుకుంటాయి. రెండు వేల రిలే కిట్టు వెలుగుని పావుగంటలో తినేస్తాయి. డోర్ పాకెట్‌లో ఇప్పుడు ఒక తడిగుడ్డ, చిన్న నీళ్ల బాటిల్ ఎప్పుడూ ఉంటాయి.

చిన్నాయన పోయిన ఏడాది ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు, రెండోది చేయించాలి. ఒకరోజు నేను గోడౌన్ ముందు ఫ్రెండ్ బండికి సుద్ద గీతలు గీస్తుంటే వచ్చి కాసేపు నిలబడి చూశాడు. "రాత్రి నేనా మలుపులో నిలబడతా, నువ్వు ఎదురుగా రాపో, చూద్దాం" అన్నాడు. వచ్చా. డిమ్ములో, వెనక నాలుగు క్యాన్లతో. ఆయన చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకోలేదు. దగ్గరికొచ్చాక, "ఇది పర్లేదు. నాది కూడా ఒకసారి ఆ గోడకాడ పెట్టి చూడు రా" అన్నాడు.

ఎక్సెల్‌ని గచ్చు మీద నిలబెట్టి లైటు వేశాం. సీటు మీద ఆయన కూర్చున్నాడు, వెనక ఎరువు బస్తా. వెలుగు సుద్ద గీత దాటి, గోడ దాటి, పక్కనున్న వేపచెట్టు చిటారు కొమ్మ మీద పడింది.